కుడికాలు ముందు

జూలై 6
అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఉండనీ. కుడిచేత్తోనే రాయమన్నారు ఫిజియోథెరపీ సునీత గారు, ఏదో ఒకటి, రోజూ. పక్షవాతం వచ్చాక ఈ చెయ్యి చేస్తున్న ఘనకార్యం ఇదొక్కటే.

ఈరోజు సునీత గారి తాయ్ చీ క్లాసుకి చుడీదార్ వేసుకున్నాను. జన్మలో మొదటిసారి. మంగళగిరి చీర తప్ప కట్టనిదాన్ని, చీరల కొట్టాయన పెళ్ళాన్ని... కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయట. ఆటో ఎక్కేదాకా మీద తువ్వాలు కప్పుకున్నాను. తోడికోడలు పద్మ నవ్వు ఆపుకోలేక — "కాలేజీ పిల్లలా ఉన్నావక్కా." పీక పిసకాలనిపించింది.

జూలై 8
తాయ్ చీ అంటే చైనా వాళ్ళ కుస్తీ అనుకున్నాను. కాదు. హాల్లో అందరం నాబోటి వాళ్ళమే, గాల్లో చేతులు తిప్పుతూ, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచినట్టు నడవడం. దీంతో మళ్ళీ నడక వస్తుందట. కిటికీ అవతల టీ కొట్టు. టీ తాగే జనానికి మేమే సినిమా. సిగ్గుతో తల దించుకున్నాను.
సునీత గారు — "తల ఎత్తండమ్మా, కాళ్ళు ఎక్కడికీ పోవు."

జూలై 11
నిండు కాలు, ఖాళీ కాలు. ఈరోజంతా ఈ రెండు మాటలే. ఒంటి బరువు మోసేది నిండు కాలు. ముందుకి వేసేది ఎప్పుడూ ఖాళీ కాలే. అది నేలకి ఆనాక, బరువు మెల్లగా దాని మీదికి పంపాలి.
నా కుడికాలు ఖాళీగా ఉండటంలో ఆరితేరింది. నిండటమే రావట్లేదు.

జూలై 14
కొత్త ఇంటికి ముహూర్తం కుదిరింది. ఆషాఢం వెళ్ళగానే.
ఈయన అన్నం తింటూ, నా మొహం చూడకుండా — "తమ్ముడూ పద్మా చేత చేయిద్దామా గృహప్రవేశం? నీకు శ్రమ..."
ఎండలో నిలబడి గోడలు తడిపింది నేను. వంటింటి గట్టు ఎత్తు చెప్పింది నేను. "నేనే చేస్తాను. కుడికాలు పెట్టి. ఎవరూ పట్టుకోకుండా." మాట ముద్దగానే వచ్చింది. అయినా ఆయనకి అర్థమైంది.

జూలై 16
సునీత గారు తల పట్టుకున్నారు. మెట్టయినా గడపైనా మంచి కాలు ముందు వెయ్యాలట. నా మంచి కాలు ఎడమది. కొత్తింట్లో ఎడమకాలు పెడతారా ఎవరైనా!
"పెడితే ఏమవుతుందమ్మా?"
ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జలుబు చేసినా నా ఎడమకాలే గుర్తొస్తుంది అందరికీ.
చివరికి ఆవిడే హాల్లో ఒక చెక్క అడ్డం వేశారు, గడపలా. "సరే, మన పద్ధతిలోనే వెళ్దాం. ఖాళీ కాలు ముందు."

జూలై 21
కుడికాలు చెక్క దాటుతోంది. దాటి, అక్కడే. దాని మీద నిలబడి ఎడమకాలు లేపాలి... మోకాలు వణుకు. నా తర్వాత చేరిన ఆటోనగర్ లేత్ షాపాయన దర్జాగా దాటేశాడు. అందరితో పాటు నేనూ మెచ్చుకున్నాను. లోపల ఒకటే కుళ్ళు.

జూలై 25
దాటాను! మళ్ళీ చెయ్యమంటే రాలేదు.
"ఇంకా టైం పడుతుందమ్మా. ఆ రోజు మాత్రం గడప లోపలివైపు ఒక మనిషిని నిలబెట్టుకోండి. తూలితే ముందు నుంచి పట్టుకోవాలి."
ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే పట్టుకుంటారు. పట్టుకుంటే ఇక నేను చేసినట్టేంటి?

జూలై 30
గృహప్రవేశం అయింది.
రాయను.

జూలై 31
రాస్తాను.
ఈయన చేతిలో దేవుడి పటం. వెనక చుట్టాలంతా. పంతులు గారు — "కుడికాలమ్మా, కుడికాలు." పెట్టాను. పసుపు రాసిన గడపకి అవతల కుడికాలు, ఇవతల ఎడమకాలు. బరువు వస్తోంది... నాకు తెలుస్తోంది, మెల్లగా వస్తోంది. చూసేవాళ్ళకి మాత్రం నేను ఇరుక్కుపోయినట్టే. ఎవరో — "గడప మీద ఆగకూడదమ్మా." పంతులు గారు — "ముహూర్తం..." మోకాలు మడత పడింది.

నాకూ ద్వారబంధానికీ మధ్య సందులోంచి పద్మ ఒక్క ఉదుటున లోపలికి దూకింది. ముందు నుంచి పట్టుకుంది. ఇద్దరం పడ్డాం. తను కింద, నేను పైన.

అప్పుడు నేనన్నది — "నా ఇంట్లో నాకంటే ముందు కాలు పెట్టడానికి నువ్వెవరివే?"

ఇన్నాళ్ళూ ముద్దగా వచ్చే మాట ఆ ఒక్కసారి గంట కొట్టినట్టు వచ్చింది. అందరూ విన్నారు. పద్మ లేచి, చీర సర్దుకుని, ఎడమచేత్తో పాలు పొంగించింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని.

ఆగస్టు 1
పద్మకి మణికట్టు ఎముక చిట్లిందట. కట్టు కట్టారు. ఎడమచేత్తో, చెంచాతో అన్నం తింటోంది. అచ్చం నాలాగే.
నేను మొహం చూపించలేక పడుకున్నట్టు నటించాను.

ఆగస్టు 4
క్లాసుకి వెళ్ళట్లేదు. ఈయన అన్నారు, "పద్మ అడ్డం పడకపోతే నీ తల పగిలేది. పాపం, అడగకుండానే వచ్చింది."
అడగమనే చెప్పారు నాకు. నేనే అడగలేదు. ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. దీనికి పక్షవాతం సాకు కాదు.
సునీత గారి ఫోను. "లోపల మనిషిని పెట్టుకున్నారుగా?"
"పెట్టుకున్నానండీ."
ఛీ.

ఆగస్టు 5
సిగ్గుగా ఉంది. ఇంకేం లేదు రాయడానికి.

ఆగస్టు 7
చుడీదార్ వేసుకున్నాను. కొత్తింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, ఆటో వచ్చేదాకా. పద్మ క్లాసుకి తోడు వస్తానంది. ఎవరూ చెప్పకుండానే. అదిగో, బయట నిలబడి ఉంది, కట్టు ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని.
"నేను పట్టుకోనులే అక్కా. నువ్వే రా."
ఎగతాళి లేదు గొంతులో. ఉంటే బాగుండేది.
దాటేలోపు చెప్పాలి. మనిషిని పెట్టుకోమన్నారు పద్మా, నేనే దాచాను అని. అంతే. ఆ ఒక్క మాట.
ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
లోపలికి వచ్చేటప్పుడు కుడికాలు. బయటికి వెళ్ళేటప్పుడు ఏ కాలు ముందో నాకెవరూ చెప్పలేదు...