లూర్దమ్మక్క అడిగిన నూనె

నాయనకు, అమ్మకు, అవ్వకు,

దూరాన ఉన్న మీ సలోమి ప్రభువు పేరిట చేతులు జోడించి రాస్తున్నది. అందరూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఉదయగిరిలో డాక్టరు ఇచ్చిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోమను. నేను బాగున్నాను. ఒంట్లో ఏమీ లేదు, దాని గురించి దిగులు పడొద్దు. ఇక్కడ కువైట్‌లో ఎండ మన దుర్గం కొండ మీద బండల్లాగా కాలుతున్నది. దుమ్ముగాలి వచ్చిన రోజు తుడిచిన ఇల్లే మళ్లీ మళ్లీ తుడవాలి. అన్నం దొరుకుతున్నది, బాగానే తింటున్నాను. అమ్మకు వీలైతే ఎండబెట్టిన చింతచిగురు కొంచెం పంపమను.

నాయనా, ఉత్తరంలో ఇక్కడి నుంచి నీకే రాస్తున్నాను. ఫోన్లో అయితే నేను రెండు మాటలనగానే నువ్వు బైబిలు వాక్యం ఎత్తుకుంటావు. ఈసారి చివరిదాకా వినాలి. అందుకే సెలవు మీద వస్తున్న మర్రిపాడు డ్రైవరన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నాతోపాటు ఈ ఇంట్లో పనిచేసే లూర్దమ్మక్క చనిపోయిందని చెప్పాను కదా. ఎలా చనిపోయిందో చెప్పలేదు.

ఆమెది ఆత్మకూరు పక్కన పల్లె. రోమన్ కేథలిక్. నేను వచ్చిన కొత్తలో అరబ్బీ మాటలు నేర్పింది, మేడమ్ కోప్పడితే నా ముందుకొచ్చి నిలబడింది. ఇద్దరిదీ మేడ మీద ఒకటే గది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని జపమాల చెప్పేది. నువ్వు డీకన్‌గా, పాస్టరుగారి పక్కన నిలబడి మన సంఘంలో అడిగే ప్రశ్నే నేనూ అడిగేదాన్ని.

"ఇది బైబిల్లో ఎక్కడ రాసి ఉందక్కా?"

"రాయందంతా అబద్ధమా సలోమీ? మా అవ్వకి ఒక్క అక్షరం రాదు. ఆమె చెప్తే మా అమ్మ వినింది, మా అమ్మ చెప్తే నేను విన్నాను."

"నోటి మాట మారిపోతుంది. రాసింది మారదు. మా నాయన అదే చెప్తాడు."

"రాసినోళ్లు గూడా ముందర నోటితో చెప్పినోళ్లే గదా. అయినా ఏ శిష్యుడు రాసిన పత్రిక ఆ బుక్కులో ఉండాలో ఆ బుక్కులోనే రాసి ఉండాదా? ఎవరో పెద్దోళ్లు కూర్చోని చెప్పిందే గదా."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమే టీ తెచ్చి నా ముందు పెట్టింది.

తర్వాత ఆమెకు కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపుముద్దలయ్యాయి. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, లివరు పూర్తిగా పాడైంది, ఇంటికి పంపించేయండి అన్నారు. మేడమ్ ఇండియాకు పంపడానికి కాగితాలు చేయిస్తున్నది. అవి పూర్తి కాకముందే అక్క లేవలేని స్థితికి వచ్చింది.

ఒక గురువారం పొద్దున నన్ను పిలిచి, "నా ఫోన్లో ఫాదర్ నంబరుండాది. ఒకసారి రమ్మను. నూనె పెట్టించుకోవాల" అంది. చావు దగ్గరపడితే ఫాదర్ వచ్చి నుదుట నూనె పూసి ప్రార్థన చేయడం వాళ్ల ఆచారం.

నేనన్నాను, "నూనెతో రక్షణ రాదక్కా. ప్రభువు ఒక్కడే చాలు. నేను ప్రార్థన చేస్తా."

"నువ్వు జెయ్యి, వద్దనను. ఆయన్ని గూడా పిలువు."

ఫోన్ నా చేతిలోనే ఉంది నాయనా. నంబరు కనిపిస్తూనే ఉంది. నేను నొక్కలేదు. సాయంత్రం మళ్లీ అడిగింది. రేపు చేస్తానన్నాను. నేను గట్టిగా నిలబడితే ఈ చివరి గడియలోనైనా ఆమె సత్యం తెలుసుకుంటుందని అనుకున్నాను. ఆమె ఆత్మను కాపాడుతున్నాననే అనుకున్నాను. నువ్వు చూస్తే మెచ్చుకుంటావని కూడా అనుకున్నాను. అది దాచను.

మర్నాడు మధ్యాహ్నం నేను కింద బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పైన ఆమె పోయింది. గంజి తీసుకుని పోయేసరికి కళ్లు తలుపు వైపు ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు.

వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ముసలామె చాలాసేపు ఏడ్చి, "ఫాదర్ వచ్చినాడా? నూనె పెట్టినాడా?" అని అడిగింది.

"పెట్టినాడమ్మా" అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆమె "దేవునికి స్తోత్రం" అంది. శవపేటిక ఆత్మకూరు చేరింది, వాళ్ల గుళ్లో పూజ చేసి మట్టి చేశారు.

పది రోజులు పోయాక, నువ్వు నాకిచ్చిన బైబిల్లో యాకోబు పత్రిక చదువుతున్నాను. జబ్బుపడినవాళ్లు సంఘం పెద్దల్ని పిలిపించుకోవాలనీ, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలనీ అక్కడ రాసి ఉంది. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆ అధ్యాయం కంఠతా చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను. నోటికి వచ్చింది, మనసుకు రాలేదు. మన సంఘంలో జబ్బుపడిన వాళ్లకు నూనె రాయగా నేనెప్పుడూ చూడలేదు. రాసి ఉన్నదాన్ని మనం ఎందుకు చేయడం లేదు నాయనా? ఎవరు మానమన్నారు? అదీ ఎవరో పెద్దలు నోటితో చెప్పిందే కదా. ఫాదర్ పూసే నూనె, యాకోబు చెప్పిన నూనె ఒకటేనా కాదా అని నువ్వు వాదించగలవు. నేనూ వాదించగలను. ఆమె అడిగింది వాదం కాదు.

ఆ అబద్ధం ఇంక దాచలేకపోయాను. పోయిన ఆదివారం ముసలామెకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను.

"నువ్వు చెప్పిన మాట ఊరంతా చెప్పినాను. మట్టి కాడ మా ఊరి ఫాదర్ గూడా చెప్పినాడు, నూనె పెట్టించుకోని పోయిన బిడ్డ అని" అంది ఆమె. "ఇప్పుడు నేనేమని చెప్పేది? దాన్ని ఒంటిగా పంపించినావు. మా ఇంట్లో బిడ్డవని అది చెప్పేది నీ గురించి."

"తప్పైపోయిందమ్మా."

"నీ తప్పు నీ దేవుడికి చెప్పుకో" అని ఫోన్ పెట్టేసింది. ఇద్దరికీ ఉన్నది ఒక్క దేవుడేనని నేను చెప్పడానికి కూడా ఆగలేదు. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

అమ్మకు ఇదంతా మెల్లగా చెప్పు, భయపెట్టొద్దు. నేను పని మానలేదు, వేళకు తింటున్నాను. అవ్వ పాదాలకు నా వందనాలు, పాస్టరుగారికి కూడా. మీ దీవెనలు లేకుండా నేను ఇక్కడ నిలబడలేను.

నువ్వు ఒక్క పని చెయ్యి నాయనా. ఆత్మకూరు బస్సెక్కి ఆ ముసలామె ఇంటికి పో. పల్లె పేరు కవరు వెనక రాశాను. లూర్దమ్మ ఇల్లంటే ఆ పల్లెలో ఎవరైనా చూపిస్తారు. సలోమి తండ్రినని చెప్పు. తిడితే పడు. లోపలికి రమ్మనకపోతే వాకిట్లోనే కాసేపు నిలబడు. బైబిలు తీసుకుపోవద్దు. ఆమె అడిగేదాకా ప్రార్థన చేయొద్దు.

నీ బిడ్డ,
సలోమి