పీకకూడని పళ్ళు

చల్లపల్లి,
11 జూలై 2023

ప్రియమైన వకుళా,

ఆర్టీసీ కార్గోలో వేసిన డబ్బా ఈపాటికి అందే ఉంటుంది. మూత మెల్లగా తియ్యి. నువ్వడిగినట్టే ముప్ఫై ఒక్క పళ్ళు, నువ్వు చెప్పిన మందునీళ్ళలో, ఒక్కోటీ ఒక్కో సీసాలో ఉన్నాయి. సీసాకొక చీటీ: మనిషి వయసు, పీకిన తేదీ, ఎందుకు పీకామన్నది. మీ కాలేజీ కమిటీ పంపిన అనుమతి కాగితాల మీద సంతకాలూ పెట్టించాను. బసవయ్య అని ఘంటసాల నుంచి వచ్చే పెద్దాయన వేలిముద్ర వేస్తూ, "నా పన్నుతో ఆవిడేం చేసుద్దండీ?" అని అడిగాడు. కోసి, దాని మీద సిమెంటు అంటించి, ఆ సిమెంటుని మిషన్‌తో ఊడలాగుతుందని చెప్పాను. "అంటించేదీ ఆవిడే, ఊడలాగేదీ ఆవిడేనా? దీనికి జీతం కూడా ఇస్తారా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నీ గురించి నేను అనుకుంటున్నది ఆయన ఒక్క నిమిషంలో అనేశాడు.

నోట్లో లేని పన్నుకి నొప్పి ఉండదు, భయం ఉండదు, ఉమ్ము ఊరదు. మధ్యలో లేచి దగ్గదు. అలాంటి పేషెంట్లు దొరికితే నేనూ ప్రొఫెసర్నయ్యేదాన్ని. నా దగ్గరకొచ్చేది మనుషులు. వాళ్ళు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటారు చూడు, ఆ నమ్మకాన్ని మీ మిషన్ కొలవలేదు.

నాకొక అసిస్టెంటు దొరికాడు, జయంత్ అని. నిరుడే చదువు పూర్తయింది. పేషెంటు నోరు తెరవగానే ముందు ఫొటో తీస్తాడు. నోట్లో వేలు పెట్టడం కంటే ఫోనులో వేలు పెట్టడం బాగా వచ్చు. మీ కాలేజీలు ఇలాంటివాళ్ళని ఏడాదికి వందమందిని తయారుచేస్తున్నాయి, సంతోషం.

ఫోనులో మనం రెండు నిమిషాలు దాటి మర్యాదగా మాట్లాడుకున్నది లేదు కనక ఇలా రాస్తున్నాను. ఇంకో డబ్బా వచ్చే నెలలో పంపుతాను.

మన క్లాసులో ఫస్టు వచ్చిన,
హెప్సిబా

*

విజయవాడ,
29 జూలై 2023

ప్రియమైన హెప్సీ,

డబ్బా అందింది. నీ వెటకారం కూడా పగలకుండా అందింది. ఉత్తరాన్ని కంప్యూటర్‌లో కొట్టి, ప్రింటు తీసి, కింద రబ్బరు స్టాంపు వేసి పంపే గొప్పదానివయ్యావన్నమాట.

బసవయ్యగారికి నా తరఫున జవాబు చెప్పు. నువ్వు ఆయన నోట్లో పావుగంటలో పెట్టే సిమెంటు ఎన్నాళ్ళు నిలుస్తుందో నీకు తెలియదు. కంపెనీవాడు అట్టపెట్టె మీద వేసిన మాట నమ్ముతావు. నేను నమ్మను. సిమెంటు పెట్టిన పన్నుని అయిదు డిగ్రీల నీళ్ళలో ఒకసారి, యాభై అయిదు డిగ్రీల నీళ్ళలో ఒకసారి, అలా పదివేలసార్లు ముంచుతాను. ఐస్‌క్రీములూ వేడి కాఫీలూ పన్నుని పెట్టే బాధంతా దాన్ని పెట్టి, అప్పుడు లాగుతాను. ఖరీదైన రకాల్లో కొన్ని లాగకముందే ఊడి చేతిలోకొస్తాయి. ఆ మాట మా హెడ్డుకి చెబితే, "లాగకముందు ఊడినవాటిని లెక్కలోంచి తీసెయ్యండి మేడమ్, సగటు బాగుంటుంది" అన్నాడు. ఆయన పరిశోధన పత్రాలు డెబ్భై. ఒక్కదానికోసం కూడా పన్ను చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు.

సరే, అసలు విషయం. కోసేముందు ప్రతి పన్నునీ మైక్రోస్కోపు కింద చూడటం నాకలవాటు. నువ్వు పంపిన ముప్ఫై ఒకటిలో తొమ్మిది పీకాల్సిన పళ్ళు కావు. చీటీల మీద "బాగా పుచ్చింది, నిలవదు" అని ఉంది. అడ్డంగా కోసి చూస్తే పుచ్చు పైపొర దాటి కొద్దిగా లోపలికి దిగింది, అంతే. నరానికి ఎంతో దూరంలో ఉంది. చిగుళ్ళు వదిలేసిన పళ్ళేమో అనుకుందామంటే వేర్ల మీద గార లేదు. పట్టుకుని ఉన్న కండపోగులు ఇంకా వేలాడుతున్నాయి, అంటే గట్టిగా ఉన్న పన్నుని బలవంతాన లాగారు. ఒక్కొక్కటీ అరగంటలో నింపి పంపాల్సినవి. అందులో ఒకావిడ వయసు ముప్ఫై నాలుగు.

ఇది వైద్యం కాదు, కసాయి పని. నీ ఫొటోల కుర్రాడి చేతిలో పటకారు పెట్టేముందు కాస్త కళ్ళు తెరిచి చూడు.

నీ,
వకుళ

*

చల్లపల్లి,
16 ఆగస్టు 2023

ప్రియమైన వకుళా,

జయంత్‌ని తీసేశాను.

నీ ఉత్తరం ఎదురుగా పెట్టి, "ఏమిటిది?" అని అడిగాను. చదివాడు. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. వాళ్ళ తరానికి తప్పు ఒప్పుకోవడమూ రాదు, ఎదురు చెప్పడమూ రాదు. రేపటినుంచి రానక్కర్లేదన్నాను. సాయంత్రం వరకూ ఉండి, ఆ రోజు పేషెంట్లందరినీ చూసి, కోటు మడతపెట్టి కుర్చీ మీద ఉంచి వెళ్ళాడు. వెళ్ళేముందు, "మీరు జాగ్రత్త మేడమ్" అన్నాడు. ఎంత పొగరో చూడు.

అయితే నీకూ ఒక మాట చెప్పాలి. నీకు పన్ను కనబడుతుంది, దాని వెనక మనిషి కనబడడు. మోపిదేవి అవతలి లంకల నుంచి వచ్చే కూలి మనిషి ఒక పని రోజు పోగొట్టుకుని వస్తుంది. "ఈ పన్ను బాగుచెయ్యొచ్చు, ఇంకో మూడుసార్లు రా" అంటే, "అన్నిసార్లు ఎక్కడొచ్చేదమ్మా, పీకి పారెయ్యండి" అంటుంది. ఆమెతో నీ డిగ్రీల లెక్క చెప్పు చూద్దాం. ఏసీ గదిలో కూర్చుని పంటిపోగులు లెక్కపెట్టేవాళ్ళు నాకు కసాయితనం గురించి చెప్పనక్కర్లేదు.

ఇంకో పద్దెనిమిది పంపుతున్నాను. అన్నీ కుర్రాడు పోయాక పీకినవే. నా చేతివి. నిశ్చింతగా కోసుకో.

నీ,
హెప్సిబా

*

విజయవాడ,
2 అక్టోబరు 2023

ప్రియమైన హెప్సీ,

ఈ ఉత్తరం రాయడం నాకిష్టం లేదు. అయినా నువ్వు మర్యాదగా చెబితే వినే మనిషివి కాదు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

పద్దెనిమిదిలో పదకొండు మంచి పళ్ళు.

తేదీలు రెండుసార్లు సరిచూశాను. అన్నీ జయంత్ వెళ్ళాక పీకినవే. నువ్వే రాశావు, నీ చేతివని. ఒక్కసారికే పని అయ్యే పళ్ళు ఇవి. లంకల నుంచి నాలుగుసార్లు రాలేని కూలి మనిషి కథ వీటికి అతకదు. ఇంకొకటి చెప్పనా? నాలుగింటి మీద డ్రిల్ గీతలున్నాయి. పుచ్చు దగ్గర మొదలై, పుచ్చు లేని వైపుకి జారిపోయిన గీతలు. ఒకదాని మీద గీత పక్కకి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది. నింపడం మొదలుపెట్టి, పాడుచేసి, పాడైందని పీకేశావు. మొదటి సంవత్సరం విద్యార్థి ఈ పని చేస్తే మనం బయట నిలబెట్టేవాళ్ళం.

నింపాలంటే అరగంట వంగి కూర్చోవాలి. పీకడానికి పది నిమిషాలు చాలు. బద్ధకం నిన్ను ఇంత దూరం తీసుకొచ్చిందా? ఊళ్ళోవాళ్ళు నిన్ను దేవతలా చూస్తారని గొప్పగా చెప్పుకుంటావు కదా, వాళ్ళకి మైక్రోస్కోపు లేదు, అందుకని. మా హెడ్డు అబద్ధం కాగితం మీద ఉంటుంది. నీ అబద్ధంతో అన్నం నమలాలి వాళ్ళు.

ఈ పళ్ళని నా పరిశోధనలో వాడను. ఇంకోసారి ఇలాంటి సీసా వస్తే డెంటల్ కౌన్సిల్‌కి రాస్తాను. ముప్ఫై ఏళ్ళ స్నేహం నా చెయ్యి పట్టుకుంటుందని అనుకోకు.

వకుళ

*

విజయవాడ,
20 డిసెంబరు 2023

ప్రియమైన హెప్సీ,

రెండున్నర నెలలైంది. జవాబు లేదు, డబ్బా లేదు.

నిన్న జయంత్ మా లాబ్‌కి వచ్చాడు, రీసెర్చి అసిస్టెంటు పని ఏదైనా ఉందా అని. వాడిని చూడగానే నాకు నీ మీద ఉన్న కోపమంతా పొంగింది. "మీ మేడమ్ తన తప్పు నీ నెత్తిన రుద్ది వెళ్ళగొట్టింది, నోరెత్తలేదేం?" అన్నాను. నీ మీద ఒక్క మాట చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. "మేడమ్ చెయ్యి ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాడు.

"ఏ చెయ్యి?" అన్నాను.

వాడి మొహం పాలిపోయింది. నాకు తెలుసనుకున్నాడు పాపం. ఇక ఎంత అడిగినా నోరు విప్పలేదు.

వాడు వెళ్ళాక నువ్వు పంపిన రెండు ఉత్తరాలూ తీసి చూశాను. రెండూ ప్రింటు తీసినవే. సంతకం ఉండాల్సిన చోట రబ్బరు స్టాంపు. తర్వాత ఆ నాలుగు పళ్ళూ మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను. బద్ధకంతో చేసిన పని మధ్యలో ఆగిపోతుంది. ఈ గీతలు ఆగిపోలేదు హెప్సీ. ఎవరో ఆ పుచ్చు దగ్గరకి వెళ్ళాలని ఎంతో ప్రయత్నించారు.

నాకు తోచింది తప్పయితే తిట్టు. నిజమైతే నీ చేత్తో రాయి. అక్షరాలు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

వకుళ

*

చల్లపల్లి,
9 ఫిబ్రవరి 2024

ప్రియమైన వకుళా,

ఈ పేజీలు రాయడానికి మూడు రోజులు పట్టింది. చదవడానికి నీకూ అంతే పడుతుంది. పడనీ.

రెండేళ్ళయింది ఈ వణుకు మొదలై. ముందు టీ కప్పు దగ్గర, తర్వాత పెన్ను దగ్గర, ఆ తర్వాత డ్రిల్ దగ్గర. విజయవాడలో న్యూరాలజిస్టుని చూడటానికి మీ వీధి మీదుగానే రెండుసార్లు వచ్చి వెళ్ళాను, నీ గుమ్మం తొక్కలేదు. ప్రాణం తీసే జబ్బేమీ కాదన్నాడు. మాత్రలు ఇచ్చాడు. వాటితో వణుకు సగం తగ్గి, నిద్ర రెట్టింపయింది.

చిత్రం ఏమిటంటే, పటకారు గట్టిగా బిగించి పట్టుకుంటే నా చెయ్యి వణకదు. చిన్న పని చెయ్యబోతేనే వణుకుతుంది. అందుకని నింపాల్సినవి పీకడం మొదలుపెట్టాను. మొదటిసారి ఏడ్చాను. పదోసారికి చీటీ మీద "నిలవదు" అని రాయించడం అలవాటైంది. నన్ను అడిగేవాళ్ళెవరు?

జయంత్‌కి చేరిన కొద్దిరోజులకే తెలిసిపోయింది. నా చేతిలోంచి డ్రిల్ మెల్లగా తీసుకుని, "మేడమ్, ఇది నేను చేస్తాను" అనేవాడు, పేషెంటుకి అనుమానం రాకుండా. ఆ మర్యాద నేను భరించలేకపోయాను. ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. నువ్వు ఇచ్చిన కత్తితోనే వాడిని కోశాను.

మరి ఆ పళ్ళు నీకెందుకు పంపానంటావు. పట్టుబడాలని లోలోపల కోరుకున్నానని రాస్తే గౌరవంగా ఉంటుంది. అది నిజం కాదు. నువ్వు అంకెలే చూస్తావు, పన్నుని చూడవని అనుకున్నాను. రెండోసారి, నా చేతివని రాస్తే మైక్రోస్కోపు జోలికి పోవనుకున్నాను. నిన్ను అంత తక్కువగా లెక్కగట్టాను.

నీ డిసెంబరు ఉత్తరం వచ్చాక రిజిస్టరు తీశాను. నీకు పంపనివి కూడా కలిపితే నలభై ఆరుగురు. ఒక్కొక్కరినీ పిలిచి, "నీ పన్ను పీకాల్సింది కాదు, నా చెయ్యి బాగోలేక పీకాను, కట్టుడు పన్ను నేను పెట్టిస్తాను" అని చెప్పాను. ఒకామె మొహం మీద తిట్టింది. ఆమె మీద గౌరవం కలిగింది నాకు. వాళ్ళలో ఒకరైన మా సంఘపెద్ద సొలొమోనుగారు మాత్రం ఆదివారం చర్చిలో అందరి మధ్యా నా పేరు చెప్పి, నా చెయ్యి కోసం, నా మనసు కోసం కూడా ప్రార్థన చేయించారు. ముందు వరసలో కూర్చుని తల వంచుకుని విన్నాను. కౌన్సిల్‌కి నువ్వు రాసి ఉన్నా ఇంతకంటే పెద్ద శిక్ష వేసేవాళ్ళు కాదు.

అయితే అసలు దెబ్బ రావమ్మ దగ్గర తగిలింది. ఇక్కడ బడిలో మధ్యాహ్నం భోజనం వండే మనిషి. ఆమె కింది దవడ పన్ను సెప్టెంబరులో పీకాను. పిలిస్తే రాలేదని నేనే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. పొయ్యి ముందునుంచి లేవకుండానే వింది.

"నాకు తెలుసులే అమ్మా" అంది.

"ఏం తెలుసు?"

"మీ చెయ్యి వణుకుతా ఉంటే చూశానుగా. ఆ మిషన్ నాలిక మీద పడుద్దేమోనని గుండె జారింది. పీకేద్దామా అని మీరు అడిగారు చూడండి, హమ్మయ్య అనుకున్నా. పన్ను పోతే పోయింది, నాలిక మిగిలిద్దిగా."

"తెలిసి మరి నా దగ్గరకెందుకు వచ్చావే?"

"మా అమ్మకీ మీరే చేశారు, నాకూ మీరే. ఇప్పుడు ఇంకోళ్ళ దగ్గరకి పోతే మీరు చిన్నబోరూ? మా వీధంతా అంతేనమ్మా. ఏ పన్ను పోగొట్టుకున్నా ఫర్వాలేదో చూసుకుని వస్తారు మీ కాడికి."

వకుళా, ఊరంతా అమాయకులని, వాళ్ళ నమ్మకాన్ని నేను మోస్తున్నానని అనుకున్నాను. వాళ్ళే నన్ను మోశారు, ఒక్కో పన్ను ఇచ్చి. కళ్ళు మూసుకుని కుర్చీలో వాలేది నమ్మకంతో కాదు, నా చెయ్యి చూడలేక.

జయంత్‌కి ఫోను చేసి క్షమించమన్నాను. మీ లాబ్‌లో వాడికి ఉద్యోగం ఇవ్వకు, తిరిగి వచ్చేశాడు. షరతు పెట్టి మరీ వచ్చాడు: పటకార్ల అల్మారా తాళం వాడి దగ్గర ఉంటుంది. ఏ పన్ను నిలుస్తుందో, ఏది నిలవదో నేను చూసి చెప్పాలి, చేతిపని మాత్రం వాడిది. నోట్లోకి తొంగిచూసి పన్ను సంగతి చెప్పడం నా అంత తనకు రాదన్నాడు. ఇంకా ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

రావమ్మకి పై దవడలో ఇంకో పన్ను పుచ్చింది, ఇంకా చిన్నదే. మంగళవారం వస్తానంది. కుర్రాడు నింపుతాడు. పక్కన కూర్చుని ఆమె బుగ్గ ఇవతలికి లాగి పట్టుకోవడం నా పని. దానికి ఈ చెయ్యి చాలు.

నీ,
హెప్సిబా
(సంతకం ఇదే. మూడుసార్లు ప్రయత్నించాక ఇలా వచ్చింది.)