దర్వాజ లేని గడప

రంగారెడ్డి జిల్లా గగన్‌పహాడ్‌లో ఉంటున్న మాణిక్యమ్మ అనే నేను, కందుకూరు ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. భర్త గతించారు, పిల్లలు లేరు. బీపీ మాత్రలు వాడుతున్న మాట నిజమే గానీ బుద్ధి బాగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాయిస్తున్నాను.

1. నా స్వార్జితమైన గగన్‌పహాడ్ ఇల్లు నా తమ్ముడు సోమయ్య కూతురు సరితకు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. ముందు గదిలో కిరాయికి ఉన్నవాళ్లను పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఖాళీ చేయించకూడదు.

2. దవాఖానలో నేను సూదులు మరగబెట్టిన స్టీలు డబ్బా, నాతో పనిచేసిన ప్రేమావతి కూతురు వినీలకు. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోంది. ఇప్పుడు సూదులు ఎవరూ మరగబెట్టరని నాకూ తెలుసు. పోపుగింజలు పోసుకున్నా అభ్యంతరం లేదు.

3. ఇక మిగిలింది గడప. దీని గురించి వివరంగా రాయకపోతే, నా బుద్ధి గురించి పైన రాసిన మాటను చదివినవాళ్లు అనుమానిస్తారు.

మా తాత రామచంద్రయ్య ఇల్లు ఇప్పటి విమానాశ్రయం ప్రహరీ లోపల ఉండేది. మా చిన్నప్పుడే అమ్మ పోతే నన్నూ సోమయ్యనూ నానమ్మ రాములమ్మ ఆ ఇంట్లోనే పెంచింది. మట్టి గోడలు, పెంకుల కప్పు, టేకు దర్వాజ, దాని కింద వేప గడప. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం నా పని. గడప మీద కూర్చోకూడదు, దానికి అటూ ఇటూ నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. నానమ్మ పొలానికి పోగానే మేమిద్దరం దాని మీదే బాదంకాయలు పెట్టి రాయితో కొట్టుకుని తినేవాళ్లం. అక్కడ గుంట పడింది. నానమ్మ అది చూసి, "పోరి పెండ్లయి పోయినంక గీ గుంతన్న యాదికుంటది" అని తాతతో అంటుంటే విన్నాను.

భూసేకరణలో ఇల్లు పోయినప్పుడు సోమయ్య ఆ దర్వాజను గడపతో సహా ఊడదీసి తెచ్చాడు. అంతవరకు వాడిని మెచ్చుకోవాలి. శంషాబాద్‌లో కట్టిన కొత్త ఇంటికి దాన్నే పెట్టించాడు. గృహప్రవేశం రోజు నేను పసుపు కలుపుకొని పోయేసరికి గడప లేదు. కోయించేశాడు. ఇసుక కుప్ప పక్కన పడి ఉంది. "కడప అడ్డముంటె బండి లోపలికెట్లొస్తదక్కా? రాత్రి బయట పెడితే ఎవడన్న ఎత్తుకపోతడు" అన్నాడు. పరిహారం వచ్చాక కొన్న మోటార్ సైకిల్ అది.

విమానాల కోసం ఇల్లు పోయినప్పుడు నేను ఏడవలేదు. ఊరందరితో పాటు మనమూ అనుకున్నాను. మోటార్ సైకిల్ కోసం గడప పోయినప్పుడు ఏడ్చాను. ఇక నీ ఇంటికి రానని చెప్పి, దాన్ని ఆటోలో వేసుకొని వచ్చాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. గడప నా మంచం పక్కన గోడకు ఆనించి ఉంది. దర్వాజ లేని గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తున్నాను. కిరాయివాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

4. నేను పోయాక, శవం లేచేలోపు, గడప కావాలా అని సోమయ్యను అడగాలి. వాడు తప్పక వస్తాడు; నాకు నిప్పు పెట్టాల్సింది వాడే. తీసుకుంటానంటే ఆ దర్వాజ కింద మళ్లీ బిగించాలి, బండి బయట ఉండాలి. వద్దంటే గడపను నా చితిలో కట్టెలతో పాటు పేర్చండి. వేరే ఎవరికీ ఇవ్వొద్దు.

5. నేను బతికుండగానే సోమయ్య వచ్చి అడిగితే నాలుగో అంశం రద్దయినట్టే. తప్పయిందని చెప్పనక్కర్లేదు. అడిగితే చాలు. గడపను నేనే తీసుకెళ్తాను, పసుపు నేనే రాస్తాను. మనిషి పోకముందు వీలునామా ఎవరికీ చూపించకూడదని ఇది రాస్తున్న దస్తావేజు లేఖరి చెబుతున్నాడు. అయినా ఒక నకలు ఈ రోజే సోమయ్యకు పంపుతున్నాను.

పై సంగతులన్నీ చదువుకొని, సరిగ్గా ఉన్నాయని చూసుకొని సంతకం చేశాను.

తేదీ: 12 జులై 2013, శుక్రవారం
గగన్‌పహాడ్

(సంతకం) మాణిక్యమ్మ

సాక్షులు:
1. ప్రేమావతి, రిటైర్డ్ నర్సు, కందుకూరు
2. శివశంకర్, ఆటో డ్రైవర్, గగన్‌పహాడ్. నకలు తీసుకెళ్తున్నది ఇతనే. జవాబు వచ్చేదాకా అక్కడే ఆగమన్నాను.