ఫుల్హెన్సియో గారి రేకుల కప్పు

ఏప్రిల్ 24
ఫుల్హెన్సియో గారి బాణసంచా షెడ్డుకి డిజైన్ ఇచ్చేశాను. మందపాటి గోడలు, పైన పలచటి రేకులు. మందు అంటుకుంటే పేలుడు రేకుల్ని ఎగరగొట్టుకుని పైకి పోవాలి. నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తలూపాడు. ఆ తలూపుడే నాకు భయం.

మే 1
గోడలు లేచాయి. పక్కనే సిమెంటు బస్తాలు. ఎందుకని అడిగితే కోళ్లగూటికట. ఆయనకు కోళ్లు లేవు.

మే 4
నిన్న సాంతా క్రూస్ పండగ. మేస్త్రీలు కట్టడం మీద పూల సిలువ నిలబెట్టి, యజమాని పెట్టిన మోలే కూర తిని, పుల్కే కల్లు తాగే రోజు. ఫుల్హెన్సియో బావమరిది నికాండ్రో కూడా మేస్త్రీయే. పద్దెనిమిది మందిని పోగేసి షెడ్డు మీద స్లాబ్ పోశాడు. ఉచితంగా, ప్రేమతో! రేకుల కింద కూర్చుంటే మా బావ పరువేం కాను ఇంజనీరమ్మా, అన్నాడు. మూలల్లో ఇనుప చువ్వలు పైకి వదిలారు, రేపెప్పుడైనా మేడ వేసుకోవడానికట. మందు షెడ్డు మీద మేడ! అప్పుడు నా నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

మే 5, ఉదయం 6
ఆ స్లాబ్ రెండు టన్నుల పైమాటే. దాని కిందే మొగుడూ పెళ్లాం తారాజువ్వలు చుట్టాలి. పేలితే గోడలు విడిపోయి అది వాళ్ల మీదే కూలుతుంది.

మే 9
పగలగొట్టేదాకా లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్నాను. ఊరంతా నాతో మాట్లాడటం మానేసింది. టోర్టిల్లా రొట్టెలమ్మే ఆవిడ వేడివి అయిపోయాయంటుంది. పొగలు నా కళ్లముందే!

మే 17
ఫుల్హెన్సియో భార్య వచ్చింది, పేరు డోన్యా చేలో. మా తమ్ముడి కానుకని పగలగొట్టిస్తారా అమ్మా, వాడు ఏడుస్తున్నాడు, అంది. ఆవిడ కుడిచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. ఇది జరిగిన రోజు మీ పైన ఏం కప్పు ఉందని అడిగాను. కప్పేం లేదు, పెరట్లో కూర్చున్నాం, అంది. ఆ మూడు వేళ్లనీ ఓసారి చూసుకుంది. తర్వాత, సమ్మెట మా ఇంట్లోనే ఉందిలెండి, అంది.

మే 20
స్లాబ్ పోయింది. రేకులు వేశారు. మేకులు తక్కువ కొట్టండంటే మళ్లీ గొడవ. నికాండ్రో ప్రతి మేకూ నా మొహం చూస్తూ కొట్టాడు.

సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 2
ఫుల్హెన్సియో ఫోన్. షెడ్డులో మందు అంటుకుందట. చెవులు వినపడటం లేదట, అందుకే అరుస్తున్నాడు. కనుబొమ్మలు కాలాయట. భార్యకి ఏమీ కాలేదట. నేను ముందే చెప్పానా ఇంజనీరమ్మా, మీ కప్పు ఆగలేదు, ఎగిరి మొక్కజొన్న పొలంలో పడింది, అదే స్లాబయితే ఎగిరేదా, అని తిట్టాడు.

ఎగిరేది కాదు, అన్నాను. ఏడుస్తూనే ఇంకోసారి అన్నాను.