కొబ్బరి దుంగ తీసిన చోట

శనివారం, రాత్రి

ఉప్పలగుప్తం అవతల ఊరికి మా వాకర్స్ సంఘం తరఫున ఇవాళ షీల్డు ఇచ్చి వచ్చాం. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారి విడిచిపెట్టిన ఊరని మేమే ఎంపిక చేశాం. కాలవగట్టు మొదట్లో వాళ్లు ఒక కొబ్బరి దుంగ అడ్డం పెట్టుకున్నారు. దాని పక్కనున్న సందులోంచి సైకిలు పడుతుంది, కారు పట్టదు. ఆడపిల్లలు భయం లేకుండా హైస్కూలుకి వెళ్లేది ఆ గట్టు మీదే.

మేం వెళ్లేసరికి దుంగ లేదు. మా కారు గట్టు మీదుగా సభ పందిరి దాకా హాయిగా వెళ్లిపోయింది. ఎదురొచ్చిన ఒకామె సైకిలు దిగి, మాకు దారివ్వడానికి వాలులోకి జరిగింది. కాళ్లు బురదలో దిగబడ్డాయి. నేను అద్దంలోంచి చెయ్యి ఊపాను.

తర్వాత శాలువా కప్పించుకుని, ఆ దుంగ గురించే ఉపన్యాసం ఇచ్చాను. వేదిక దిగాక, దాన్ని పెట్టించిన సత్యవతిగారిని అడిగాను, దుంగ ఏదండీ అని.

"పొద్దున్నే తీయించేసేనండి. తమరు కారులో వస్తారు కదండీ. పెద్దోళ్లని నడిపిస్తే ఏం బాగుంటాదండి?"

రోడ్డు మీంచి పందిరి కనబడుతూనే ఉంది. పొద్దున్నే ఒంటికి మంచిదని అంతకి నాలుగింతలు నడుస్తాను నేను. ఆవిడతో "ఆయ్" అన్నాను.

ఫొటో ఇందాకే సంఘం గ్రూపులో పెట్టారు. షీల్డు పట్టుకుని నవ్వుతున్నాం. మా వెనక గట్టంతా కారే. దాని వెనక ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్లు పట్టుకుని, మేమెప్పుడు కదులుతామా అని చూస్తున్నారు.

ఫొటో తీసెయ్యమని రాశాను. కారణం అడుగుతారని పంపకుండా చెరిపేశాను.