మైకు ముందు మాట రాలేదు

సుభానీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెదకాకానిలో నీ మైకుసెట్టు కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

నాకు నిద్ర పట్టడం లేదని మా ఆవిడ, అదే మీ చెల్లెలు, పోరగా పోరగా మానసిక వైద్యానికి ఒప్పుకున్నాను. డాక్టరమ్మ ఉండేది హైదరాబాదులో. నేను గుంటూరు నెట్ సెంటర్లో కూర్చుంటే కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది.

ఈరోజు కూర్చోగానే, అలవాటు చొప్పున "హలో, హలో" అంటూ మైకును వేలితో తట్టాను. ఆవిడ ఉలిక్కిపడింది. ఇక అందుకున్నాను. పత్తి రైతు పురుగుల మందు తాగి చస్తుంటే వాడి గోడు వినడానికి పల్లెకొక్క డాక్టరైనా వచ్చాడా, మాలాంటి వాళ్లకేమో తెర మీద ఓదార్పులా అని దులిపేశాను. నెట్ సెంటర్ ఓనరు తలుపు కొట్టాడు.

"సార్, కాస్త మెల్లగా అండీ! పక్క క్యాబిన్లో రిజల్ట్స్ చూసుకుంటున్న పిల్ల జడుసుకుంది."

సభల్లో ఉపన్యాసమిస్తూ నా గొంతు లేస్తే నువ్వే సౌండు తగ్గించేవాడివి. "ఒరేయ్, జనానికి చెప్పరా, జనం మీద పడకు" అనేవాడివి.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. "సభ అయిపోయాక ఎవరితో మాట్లాడతారండీ?"

సభ అయ్యాక మనం వైర్లు చుట్టుకుంటూ పోట్లాడుకునేవాళ్లం. ఆ మాట చెప్పబోతే గొంతు పెగల్లేదు.

లైను పోయిందనుకుంది పాపం. "సార్, ఉన్నారా? వినపడుతోందా?"

నువ్వయితే ముందు వైర్లు చూసేవాడివి. తర్వాత నా మొహం చూసేవాడివి.

"ఉన్నానండీ" అన్నాను. "సుభానీ అని ఒకడుండేవాడు..."

ఏడాదిగా నీ పేరు పైకి అనలేదురా. చాలాసేపు చెప్పాను. ఓనరు మళ్లీ తలుపు కొట్టలేదు.