పడిపోతున్న రౌతు

అన్నయ్యా,

హాల్లో గోడంతా ఉన్న తాతలనాటి ఆయిల్ పెయింటింగ్‌ని, అదే మన గుర్రాల యుద్ధాన్ని, బాగుచేయించమని హుకుం జారీ చేశావుగా. పనివాడు వచ్చి చూశాడు. అంతా గట్టిగానే ఉందట, గుర్రం మీంచి పడిపోతున్న రౌతుకే ముఖం లేదు. వాడు అచ్చం తమ్ముడేనని చిన్నప్పుడు ఏడిపించేవాళ్ళం, గుర్తుందా? తమ్ముడు యుద్ధంలో జాడ తెలియకుండా పోయాక అమ్మ రోజూ ఆ ముఖాన్నే తడిగుడ్డతో తుడిచేది. ప్రేమ అనుకున్నాను. గుడ్డకి అంటిన రంగుని దుమ్మనుకుని ఉతికాను.

ఆ ముఖం మా తమ్ముడి పోలికేనని చెబితే, "అతని ఫోటో ఉంటే ఇవ్వండి, అలాగే దించేస్తాను" అన్నాడతను. నేను ఆల్బం తెచ్చేలోపే అమ్మ అడ్డంగా నిలబడింది.

"వద్దు నాయనా. పడిపోయినవాడు ఎవరైనా కావచ్చు. మావాడే అని ఎందుకనుకోవాలి?"

బొమ్మ బాగానే ఉంది అన్నయ్యా. ఇక దాని జోలికి వెళ్ళకు.

నీ చెల్లెలు